ముసలోడికి రాని అక్షరాలు

సమాధుల తోట, వెనక గది
ఫిబ్రవరి 5

ప్రభువునందు ప్రియమైన చెల్లెమ్మకు, అన్నయ్య వ్రాయునది.

ఫోన్ చెయ్యమంటావని తెలుసు. ఫోన్లో మాట గాలికి పోయే పొట్టు. కాగితం మీది మాట సాక్ష్యం. కనుక ఓపిగ్గా చదువు.

శనివారం మీ హెడ్డాఫీసులో పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టారనీ, పెట్టిన చెయ్యి నీదేననీ విన్నాను. మన ఇంట్లో ఒకరి చెయ్యి అంత ఎత్తుకి అందినందుకు సంతోషం. కానీ సోమవారం పొద్దున నా ముసలోడు తలుపు తియ్యలేదు. ముసలోడంటే వెనక గదిలో నా పాత కంప్యూటరు, దాంట్లో నా పాత ప్రోగ్రాం. "సర్వర్ చెప్పిన అక్షరాల పట్టిక నాకు తెలియదు" అని ఒక్క ముక్క చూపించి నల్లబడిపోయాడు.

ముందు కౌంటర్లో కొత్త గుమాస్తా చేరింది. ఎవరేమన్నా అదే తిరిగి అంటుందని చిలక అని పిలుస్తున్నాను. "నా స్క్రీను బాగానే ఉందిగా తాతా, ఇందులో చూసుకో" అంది.

"నీ దాంట్లో తేదీ కొడితే ఆ రోజు పూడ్చిన వాళ్ళంతా వరసగా వస్తారా?"

"వరసగా రారు. నంబరో పేరో కొడితేనే వస్తారు."

"మరి నాకెందుకే అది?"

"మరి నీకెందుకులే ఇది" అంది.

నా పని నీకు తెలుసు. ఈ తోటలో రాతి పలకలు లేవు, నంబరు వేసిన ఇనప మేకులే. పేరున్నది మీ సర్వర్‌లో ఉండే రిజిస్టరులో ఒక్కచోటే. ఆసుపత్రి నుంచి దిక్కూ మొక్కూ లేకుండా వచ్చేవాళ్ళకి ఏడ్చే మనిషి ఉండడు. అందుకే ఇరవై రెండేళ్ళుగా రోజూ పొద్దున, ఆ తేదీన మట్టిలోకి వెళ్ళినవాళ్ళని ఒక్కొక్కరినీ తెరిచి, పేరు గొంతెత్తి చదివి, ప్రార్థించి, ఆమెన్ అని తరవాతి వారి దగ్గరికి వెళ్తాను. కొత్తవాళ్ళకి పూడ్చిన రోజే సాయంత్రం చేస్తాను. మంచి కాపరి గొర్రెల్ని పేరు పెట్టి పిలుస్తాడని చదువుకున్నవాణ్ణి, నంబరు పెట్టి పిలవమంటే నాకు నోరు రాదు.

మూడు రోజులుగా ఇక్కడ పిలుపు లేదు. తలుపు తియ్యి, సర్వరమ్మా.

నీ అన్నయ్య


హెడ్డాఫీసు, సర్వర్ గది పక్క బల్ల
ఫిబ్రవరి 9

అన్నయ్యా,

ఒక్క వాక్యంలో చెప్పాల్సిన ఫిర్యాదుని ప్రసంగం చేసి పంపావు. నవ్వుకున్నాను.

జరిగింది ఇది. కంప్యూటరు లోపల ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంటుంది. ఏ అంకె ఏ అక్షరమో చెప్పేదే పట్టిక. మీ ముసలోడి దగ్గరున్నది చాలా పాతది, చిన్నది. పాత సర్వర్ ఆ అంకెల్ని విప్పి చూసేది కాదు. మూట కట్టి ఇస్తే మూటలాగే దాచి, అడిగితే మూటలాగే ఇచ్చేది. కొత్తది మూట విప్పుతుంది. లోకంలో ఉన్న అక్షరాలన్నీ పట్టే పెద్ద పట్టికతో మాట్లాడుతుంది. ఆ పట్టిక పేరే ముసలోడు ఎప్పుడూ వినలేదు, బిక్కచచ్చిపోయాడు.

ఒక సెట్టింగు మార్చాను. ముసలోడు వస్తే వాడి పాత పట్టికలోనే బదులివ్వమని సర్వర్‌కి చెప్పాను. ఇక తలుపు తెరుచుకుంటుంది. ఇది మాత్రం ఎవరికీ చెప్పకు. సర్వర్ మార్చే ముందు నింపే కాగితంలో "పాత ప్రోగ్రాంలు వాడుతున్న చోట్లు" అనే గడి ఉంది. "లేవు" అని రాశాను. నీ ఒక్కడి పేరు రాస్తే పనంతా మూడు నెలలు వెనక్కి పోయేది, మా ఆఫీసరు నన్ను నమిలేసేవాడు. నీకు కావాల్సింది చూసుకోవడమేగా. చూసుకో.

మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మోకరించడం తగ్గించమంటే ప్రభువుతో నాకు మాటపట్టింపు పెడతావని ఊరుకుంటున్నాను.

చెల్లి


సమాధుల తోట, వెనక గది
ఫిబ్రవరి 20

చెల్లెమ్మా,

తలుపు తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు.

మేకు నంబరుంది. తేదీ ఉంది. వయసుంది, ఆడో మగో ఉంది. పేరుండాల్సిన గడిలో మాత్రం బారుగా ప్రశ్నార్థకాలు. ఒకరికి కాదు, ఆ తేదీ వాళ్ళందరికీ. కళ్ళజోడు తుడుచుకున్నాను. స్క్రీను తుడిచాను. చిలక దగ్గరికి పరుగెత్తి అదే నంబరు కొట్టించాను. దాని స్క్రీనులో పేరు ముత్యంలా ఉంది.

"కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు తాతా" అంది.

సరే, కన్ను నమ్మకపోతేనేం, నోరుంది కదా అనుకున్నాను. ఆ పేరు నోట్లో అనుకుంటూ వెనక గదికి వచ్చి, ప్రశ్నార్థకాల ఎదురుగా నిలబడి, పేరు గట్టిగా పలికి ప్రార్థించాను. తక్కినవాళ్ళకీ అలాగే, ముందు గదికీ వెనక గదికీ తిరిగి తిరిగి.

మర్నాడు మధ్యాహ్నం చిలక నా గుమ్మంలోకి వచ్చింది. "నిన్న మొదట అడిగిన నంబరేది తాతా?" చెప్పాను. "ఒకసారి రా" అంది.

దాని స్క్రీనులోనూ ప్రశ్నార్థకాలే. నిన్న ఇద్దరం మా కళ్ళతో చదివిన పేరు. ఎవరేమన్నా తిరిగి అనే పిల్ల, ఆ పూట నేనేమన్నా తిరిగి అనలేదు.

అప్పటినుంచి రోజూ ఇదే. నేను ప్రార్థించినవాళ్ళ పేర్లు పోతున్నాయి. ప్రార్థించని తేదీలవాళ్ళు చెక్కుచెదరలేదు. నిన్నటికి పాతవాళ్ళు అరవై మంది. ఈ వారం ఆసుపత్రి నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు నలుగురు.

విందులో కూర్చున్న రాజుకి గోడ మీద రాసే చెయ్యి కనబడిందని చదివాం. మనిషి లేడు, చెయ్యే ఉంది. రాసే చేతిని చూసే ఆ రాజు మోకాళ్ళు కొట్టుకున్నాయి. నేను చూస్తున్నది చెరిపే చెయ్యి. ఎవరిదది? జీవగ్రంథంలోంచి పేరు కొట్టివేయడమంటే ఏమిటో ప్రసంగాల్లో వందసార్లు అరిచాను. అరిచేటప్పుడు ఇంత చప్పుడు లేకుండా జరుగుతుందనుకోలేదు.

త్వరగా రాయి.

అన్నయ్య


హెడ్డాఫీసు
మార్చి 1

అన్నయ్యా,

ఆలస్యమైంది. ఇక్కడ పని ఊపిరాడనివ్వడం లేదు.

భయపడకు. పట్టికల తేడా, అంతే. ముసలోడి పట్టికలో తెలుగే లేదు, పాత మూటలోని అంకెలకి తెలుగు బొమ్మలు అతికించుకుని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాడు. ఇప్పుడు తన పట్టికలో లేని అక్షరం వస్తే దాని బదులు ప్రశ్నార్థకం చూపిస్తాడు. చెయ్యీ లేదు, కాలూ లేదు.

ఒక్క మాట విను. కొన్నాళ్ళు ముసలోడి జోలికి వెళ్ళకు. కారణం అడగకు. చిలక స్క్రీనులో చూసుకుని ప్రార్థన చేసుకో. తీరిక చూసుకుని నేను సరిచేస్తాను.

మా ఆఫీసుకి ఫిర్యాదు రాయకు. ఏదైనా నాకే రాయి.

చెల్లి


సమాధుల తోట
మార్చి 12

చెల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చిన్నప్పుడు పాలగిన్నె ఒలకబోసి పిల్లి మీద పెట్టినప్పుడు కూడా నీ గొంతు ఇలాగే పొడిగా ఉండేది.

చూపించడంలో తేడా అయితే చిలక స్క్రీనులో ఎందుకు పోతున్నాయి? నువ్వు మానమన్నావు. నేను మానలేదు. కారణం చెప్పకుండా ప్రార్థన మానమని సింహాల గుంట చూపించి అడిగినా బైబిల్లోని భక్తుడు వినలేదు, నీ మాట నేనెందుకు వింటాను?

కానీ దేవుణ్ణి పరీక్షించకూడదని తెలిసీ పరీక్షించాను. పోయిన మంగళవారం ఇద్దరు వచ్చారు, ఒక మగ, ఒక ఆడ. పక్కపక్క మేకులు. ఆయన కోసం ప్రార్థించాను. ఆమెని వదిలేశాను. మర్నాడు ఆయన పేరు లేదు. వదిలేసిన ఆమె పేరు నిక్షేపంలా ఉంది.

నా నోట్లో ఏముంది, చెల్లీ?

ఆదివారం చర్చిలో ప్రసంగానికి లేచాను. ముందు వరసలో వాళ్ళ మొహాలు చూశాను. వీళ్ళలో ఒకరి పేరు నా నోట పడితే ఇంటికెళ్ళేసరికి వాళ్ళకి ఏమవుతుందో అనిపించింది. కూర్చుండిపోయాను. "పాపం, గొంతు పోయినట్టుంది" అన్నారు. పోతే బాగుండు.

అసలు రాయాల్సింది ఇది. ఒక కుట్టుపనామె వస్తోంది. నలభై ఏళ్ళుంటాయి, వేళ్ళ నిండా సూది పోట్లు. ఆమె తండ్రికి మతిమరుపు. జనవరి చివర ఇంట్లోంచి వెళ్ళి దారి తప్పాడు. ఆసుపత్రిలో అడిగితే, "ఫిబ్రవరిలో ఆ వయసువాళ్ళని ఐదుగురిని తోటకి పంపాం. పేరు వాళ్ళ నోట ఎలా వస్తే అలా చీటీ మీద రాసి పంపాం" అన్నారట. ఆ చీటీలు స్క్రీనులోకి ఎక్కించాక చింపెయ్యాలని రూలు. చిలక చింపేసింది.

చిలక ఆమె తండ్రి పేరు కొట్టింది. "లేరమ్మా." ఇంటిపేరు కొట్టింది. "లేరమ్మా."

ఆమె నా వైపు తిరిగింది. "అయితే మా నాన్న బతికున్నట్టేనా?"

మళ్ళీ రమ్మని చెప్పి పంపేశాను. మూడుసార్లు వచ్చింది. ఇంట్లో రోజూ ఆయనకి కంచం పెడుతోందట. వీధుల్లో ముసలివాళ్ళ వెంటపడి మొహాలు చూస్తోందట. వచ్చే వారం శుక్రవారం మళ్ళీ వస్తానంది.

ఆమెకేం చెప్పను? నిజం రాయి.

అన్నయ్య


హెడ్డాఫీసు
మార్చి 16

అన్నయ్యా,

ఈ ఉత్తరం నీకు అందేలోపే చిలకకి ఫోన్ చేసి ముసలోడి తీగ పీకించాను. ఎందుకో చదువు. కూర్చుని చదువు.

చెరిపే చెయ్యి నీదే.

రిజిస్టరులో ఏం మారినా, ఏ యంత్రం నుంచి ఏ నిమిషాన మారిందో సర్వర్ రాసిపెట్టుకుంటుంది. నీ ఉత్తరం అందిన రోజే, ఫిబ్రవరి 23న, అది తీసి చూశాను. ప్రతి పేరు దగ్గరా ఒకటే వరస. వెనక గది నుంచి తెరిచారు. నాలుగైదు నిమిషాలు ఊరుకున్నారు. తరవాత "భద్రపరచు" మీట నొక్కారు. ఆ నాలుగైదు నిమిషాలూ నీ ప్రార్థన. మీట ఆమెన్. అవునా? ఊరికే చూసి మూసేస్తావనుకున్నాను. నువ్వు నొక్కుతావని ఎప్పుడూ చెప్పలేదు.

ముసలోడు చదవలేక ప్రశ్నార్థకాలు చూపిస్తే నష్టం లేదు. కానీ మీట నొక్కగానే వాడు ఆ ప్రశ్నార్థకాలనే పేరని చెప్పి తిరిగి పంపుతాడు. సర్వర్ నమ్మి, అసలు పేరు మీద వాటినే రాసేస్తుంది. ఇరవై రెండేళ్ళు నొక్కావు, మూట మూటగానే తిరిగెళ్ళేది, ఎవరికీ ఏమీ కాలేదు. కొత్త సర్వర్ వాణ్ణి రానివ్వనంది. అది సరైన పనే చేసింది. గడియ తీసింది నేను.

23వ తేదీనే తెలిసి ఎందుకు చెప్పలేదంటావు. నీ ప్రార్థనే వాళ్ళని చెరిపేసిందని నీకెలా రాయను అనుకున్నాను. అది సగం. "లేవు" అని నేను రాసిన గడి బయటపడుతుందని భయం, అది మిగతా సగం. ఏ సగం పెద్దదో నన్నడగకు.

ఇంకొకటి ఉంది. రోజూ మధ్యాహ్నం రిజిస్టరుకి ఒక నకలు తీస్తాం, ఏడు రోజులే ఉంచుతాం. ఆమె తండ్రిని పూడ్చింది 23కి ముందు వారంలోనే అయితే, 23న నకలులో ఆయన పేరుంది. నేను మాట్లాడివుంటే దొరికేది. వారం ఊరుకుని, నీకు "భయపడకు" అని రాశాను. ఆ వారంలో నకలు కూడా ప్రశ్నార్థకాలతో నిండిపోయింది.

గుర్తులు లెక్కపెట్టి పేరు పట్టుకుందామని చూశాను. కుదరలేదు. చీటీల మీద కొందరికి ఇంటిపేరుంది, కొందరికి ముద్దుపేరు.

పాతవాళ్ళ పేర్లు సర్వర్ మార్చిన రోజు తీసి విడిగా దాచిన నకలులో ఉన్నాయి. దాన్ని తెరవాలంటే కారణం రాసి అర్జీ పెట్టాలి. ఇవాళ పెట్టాను. ఉన్నదున్నట్టు రాశాను.

చెల్లి


సమాధుల తోట
మార్చి 21

చెల్లీ,

అవును, నొక్కేవాణ్ణి. నోటితో అన్న ఆమెన్ గాలిలో కలుస్తుంది, చేత్తో అన్నది పైన నమోదవుతుందని నాకు నేనే కనిపెట్టుకున్న భక్తి. ఎవరూ నేర్పలేదు. ఎవరూ నేర్పనిది నేర్చుకుని ఇంతకాలం అతిశయపడ్డాను.

నిన్ను తిట్టాలని కలం తీశాను. దేవుడి తోటలో పండు దిగమింగి పొదల చాటున నక్కినవాళ్ళ పిల్లలమే ఇద్దరం. తిట్టు నాకే తిరిగి తగులుతుంది.

ఇవాళ శుక్రవారం. ఆమె వచ్చింది. కిటికీలోంచి చూసి, నేను లేనని చిలకతో చెప్పించాను. చిలక చెప్పి వచ్చి నా మొహం చూసి, "లేడు" అంది మళ్ళీ, నాతోనే.

అన్నయ్య


హెడ్డాఫీసు, కింది అంతస్తు
మార్చి 27

అన్నయ్యా,

నూట తొంభై రెండు మంది పేర్లు తిరిగి ఎక్కించాను. చిలక స్క్రీనులో చూడు. నన్ను సర్వర్ల దగ్గర్నించి తీసేశారు. ఇప్పుడు కింది అంతస్తులో విరిగిన కీబోర్డులకి చీటీలు అంటిస్తున్నాను. ఊపిరాడుతోంది.

సర్వర్ మారాక వచ్చినవాళ్ళలో పదకొండు మంది పేర్లు ఎక్కడా లేవు. వాళ్ళలో ఆమె తండ్రి వయసు మగవాళ్ళు ఐదుగురు. మేకు నంబర్లు వెనక రాశాను.

ఆమెకి చెప్పెయ్యి. నేను వారం ఆగి ఏం చేశానో చూశావుగా.

చెల్లి


సమాధుల తోట
ఏప్రిల్ 16

చెల్లెమ్మా,

చెప్పాను. ఈ నెల నాలుగో తేదీన. ఇన్నాళ్ళూ నీకెందుకు రాయలేదో చివర చెబుతాను.

కుర్చీ వేశాను, కూర్చోలేదు. నిలబడే వింది. "అమ్మా, మీ నాన్నగారి పేరు ఇక్కడికి వచ్చింది. నా చేత్తో నేనే చెరిపేశాను" అన్నాను.

"ఎందుకు?"

"ప్రార్థన చేస్తూ."

కొట్టినా పడదామనుకున్నాను. ఆమె కాసేపు నా చేతులు చూసింది. "మా నాన్న పేరు పలికారా మీరు?"

"పలికినట్టే ఉందమ్మా. ఏ నంబరు మీదో గుర్తు లేదు."

"గట్టిగానా, గొణిగారా?"

"గొణగడం నాకు రాదు."

"అదైనా మేలు" అంది. "పదండి, ఆ ఐదూ చూపించండి."

చిలక కౌంటరు మూసి మా వెంట వచ్చింది. పట్టపగలు, పదకొండు గంటల ఎండ, ఆకు కదలడం లేదు. కొత్త మేకుల వరస వెనకాలే మూతపడ్డ గోదాం గోడ ఉంది, ఎత్తు మూడంతస్తులు. అక్కడ నిలబడి ఏమన్నా గోడ ఒక్క క్షణం ఆగి తిరిగి చెబుతుంది. ఖననం చేసేటప్పుడు నా ప్రసంగానికి సగం బలం ఆ గోడదే అని కుర్రకారు ఎగతాళి చేస్తారు.

ఆమె మొదటి మేకు దగ్గర నిలబడి "నాన్నా" అని పిలిచింది. గోడ "నాన్నా" అంది. రెండోదాని దగ్గర పిలిచింది. గోడ పలికింది. మూడోదాని దగ్గరా అంతే. చిలక నా చొక్కా పట్టుకుంది.

నాలుగోదాని దగ్గర పిలిచింది. గోడ పలకలేదు.

మళ్ళీ పిలిచింది, ఇంకా గట్టిగా. గోడ అక్కడే ఉంది. ఎండ దాని మీదే ఉంది. మాట వెళ్ళింది, తిరిగి రాలేదు.

"ఇక్కడే" అని ఆమె కూర్చుంది.

"ఎలా తెలుసమ్మా?"

"ఇంట్లోనూ ఇంతే. పిలిస్తే పలికేవాడు కాదు. వినేవాడు." మేకు చుట్టూ మట్టిని అరచేత్తో సర్దింది. చాలాసేపు ఆయనతో ఏదో చెప్పుకుంది, మేం దూరంగా వెళ్ళాం. తరవాత కౌంటరుకి వచ్చి తండ్రి పేరు చెప్పి, చిలక చేత ఆ నంబరు మీద రాయించింది. రాసింది రెండుసార్లు చదివించుకుని వెళ్ళిపోయింది.

అక్కడితో నేను ఆగాల్సింది.

ఆమె వెళ్ళాక ఒక్కణ్ణే మేకుల దగ్గరికి వెళ్ళాను. ఇంకా పది మంది. వాళ్ళకి పిలిచే కూతుళ్ళు లేరు, నేనే మిగిలాను. పేరు లేదు. అయినా ఊరుకోలేకపోయాను. మధ్యలో నిలబడి, చేతులెత్తి, నా గొంతంతా పెట్టి, "ఎవరైనా సరే, వినండి!" అని పిలిచాను.

గోడ పలకలేదు.

నాలుగు రోజుల శవాన్ని కూడా ప్రభువు పేరు పెట్టే పిలిచాడు. ఎందుకంటే, పేరు పెట్టకుండా రమ్మని ఉంటే ఆ చుట్టుపక్కల సమాధులన్నీ తెరుచుకునేవని నేనే ఎన్నోసార్లు చెప్పి జనాన్ని నవ్వించాను. ఆ నవ్వు అప్పుడు గుర్తొచ్చింది. వెనక్కి వెనక్కి నడుచుకుంటూ గేటు దాకా వచ్చి, "చిలకా!" అని కేకేశాను. చిలక కౌంటరులోంచి తల బయటపెట్టింది. గోడ పలకలేదు.

ఇవాల్టికి పన్నెండు రోజులు. తగ్గుతుందేమో చూసి రాద్దామని ఆగాను. తోటలో ఏ మూల నిలబడి అరిచినా, చప్పట్లు కొట్టినా, మేకు దిగ్గొట్టినా చప్పుడు తిరిగి రావడం లేదు. నిన్న మేస్త్రీని పిలిచి చూపించాను. గోడకి ఏమీ కాలేదన్నాడు.

నా మాట గోడ దాకా చేరడం లేదు, చెల్లెమ్మా. మధ్యలోనే పుచ్చుకుంటున్నారు.

నీ అన్నయ్య